కప్పు గెలిచే జట్టు వెనక ఏముంటుంది?



నాలుగేళ్ళకోసారి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు పోటీలు వచ్చాయంటే, అర్ధరాత్రి దాకా మేలుకొని టీవీ ముందు కూర్చునే ఇళ్ళు మన సరిహద్దు ఊళ్ళలోనూ తక్కువేమీ కాదు. మర్నాడు బడికి నిద్ర కళ్ళతో వచ్చిన పిల్లలు ఉపాధ్యాయుణ్ణి తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "ఇంత పెద్ద దేశం కదా సార్ మనది! పదకొండు మంది దొరకరా?" అని. నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదిది. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఇంకొక ప్రశ్నకు జవాబు తెలియాలి. ఒక దేశపు జట్టు ఒక పెద్ద పోటీలో మొదటి నుంచి చివరి దాకా నిలబడి గెలవాలంటే ఏమేమి కావాలి? ఈ రోజు మనం ఆ సంగతి మాట్లాడుకుందాం.

ముందుగా ఒక చిన్న లెక్క చూడండి. 1930 నుంచి 2022 వరకు పురుషుల ప్రపంచ కప్పు పోటీలు 22 సార్లు జరిగాయి. అన్నిసార్లూ కలిపి గెలిచిన దేశాలు ఎన్నంటే, ఎనిమిదే ఎనిమిది. బ్రెజిల్ 5 సార్లు, జర్మనీ, ఇటలీ నాలుగేసి సార్లు, అర్జెంటీనా 3 సార్లు, ఫ్రాన్సు, ఉరుగ్వే రెండేసి సార్లు, ఇంగ్లండు, స్పెయిన్ ఒక్కొక్కసారి. ఇందులో ఉరుగ్వే జనాభా ఈనాటికీ సుమారు 35 లక్షలే. బెంగుళూరు నగరంలో సగం మంది కూడా ఉండరన్నమాట. 2018లో ఫైనల్ దాకా వచ్చిన క్రొయేషియా కూడా అంత చిన్న దేశమే. అంటే మనుషుల సంఖ్య ఒక్కటే చాలదు. చెరువు పెద్దదైనంత మాత్రాన చేపలు వాటంతట అవే ఒడ్డుకు రావు కదా!

మరి ఏం కావాలి? దీనికి ఉదాహరణ కోసం బ్రెజిల్ దాకా పోనక్కరలేదు. మన దేశపు జట్టే ఒక పెద్ద పోటీ గెలిచిన కథ ఉంది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినాయన మన హైదరాబాదు వాడు, పైగా బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ పోటీ 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ సినిమా ఆయన కథే. సినిమాలో హంగులు ఉంటాయి. మనం మాత్రం హంగులు పక్కన పెట్టి, ఆ గెలుపును విప్పి, అందులో ఏ పనిముట్టు ఎక్కడ పనిచేసిందో చూద్దాం.

మొదటి సంగతి. ఏడాది పొడుగునా సాగే లీగ్ పోటీ వేరు, కొద్ది రోజుల్లో ముగిసిపోయే టోర్నమెంటు వేరు. లీగ్‌లో ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఆడుతుంది. ఈ వారం ఓడిపోతే పై వారం సరిదిద్దుకోవచ్చు. చివరికి నిలకడగా ఆడినవాడే పైకి వస్తాడు. టోర్నమెంటు అలా కాదు. మొదట గ్రూపు మ్యాచ్‌లు ఉంటాయి. అక్కడ ఒక తప్పుకు మన్నింపు ఉంటుంది. ఆ తరువాత వచ్చే నాకౌట్ మ్యాచ్‌లలో మన్నింపు లేదు. ఓడితే పెట్టె సర్దుకోవడమే. కాబట్టి గెలిచే జట్టు మొదటి రోజే ఆకాశమంత ఎత్తున ఎగరనక్కరలేదు. రోజు రోజుకూ మెరుగుపడుతూ, చివరి మ్యాచ్ నాటికి పదును తేలితే చాలు.

జకార్తాలో మన జట్టు తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిపోయింది. ఆ కొరియా సామాన్యమైన జట్టు కాదు. 1956లోనూ 1960లోనూ ఆసియా కప్పు గెలిచినది. అంతటితో మనవాళ్ళు డీలాపడలేదు. తరువాత థాయిలాండును 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీ ఫైనల్‌కు చేరారు. ఇటువంటి ఉదాహరణలు ప్రపంచ కప్పు చరిత్రలోనూ ఉన్నాయి. 1982లో ఇటలీ గ్రూపు దశలో ఆడిన మూడు మ్యాచ్‌లూ డ్రా చేసుకుని, చివరికి కప్పు గెలిచింది. 2010లో స్పెయిన్ మొదటి మ్యాచ్‌లో స్విట్జర్లాండ్ చేతిలో ఓడింది, కప్పు గెలిచింది. 2022లో అర్జెంటీనా మొదటి మ్యాచ్‌లో సౌదీ అరేబియా చేతిలో ఓడింది, కప్పు గెలిచింది. ఇందుకు ఎదురు ఉదాహరణ 1954 నాటి హంగరీ. అది ఏళ్ళ తరబడి ఓటమి ఎరుగని జట్టు. గ్రూపు మ్యాచ్‌లో పశ్చిమ జర్మనీని 8-3తో చిత్తు చేసింది. అదే జర్మనీ ఫైనల్లో 2-0 వెనకబడి కూడా తేరుకుని 3-2తో కప్పు ఎత్తుకుపోయింది. తొలి రోజు మెరిసిన జట్టే చివరి రోజునా మెరవాలన్న నియమం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండవ సంగతి, వెనక గోడ గట్టిగా ఉండాలి. చూసేవారికి గోల్ కొట్టినవాడే గుర్తుంటాడు. కానీ కప్పు లెక్కలు వేరే మాట చెబుతాయి. 1998లో ఫ్రాన్సు, 2006లో ఇటలీ, 2010లో స్పెయిన్ ప్రపంచ కప్పు గెలిచాయి. మూడూ ఏడేసి మ్యాచ్‌లు ఆడాయి. ఆ ఏడు మ్యాచ్‌లలో ఒక్కొక్క జట్టు ఎదుటివారికి ఇచ్చిన గోల్స్ రెండే రెండు. 2010లో స్పెయిన్ కొట్టినవి కూడా ఎనిమిదే. నాకౌట్ మ్యాచ్‌లు నాలుగింటినీ 1-0తోనే గెలిచింది. 2004లో యూరో కప్పు గెలిచిన గ్రీసు కూడా క్వార్టర్ ఫైనల్, సెమీ ఫైనల్, ఫైనల్ మూడింటినీ 1-0తోనే ముగించింది. ఇందులో కిటుకు ఇది. మనం గోల్ ఇవ్వకుండా నిలబడితే, ఒక్క గోల్ కొడితే చాలు గెలుపు మనదే. ఇల్లు కట్టేవాడు ముందు పునాది చూసుకుంటాడు, రంగులు తరువాత.

జకార్తా జట్టుకు అటువంటి గోడ ఉండేది. జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ వంటి రక్షకులు ఉన్నారు. వెనక గోల్ దగ్గర హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ అనే పొడగరి ఉన్నాడు.

మూడవ సంగతి, పదకొండు మంది చాలరు. మైదానంలో కనిపించేది పదకొండు మందే అయినా, టోర్నమెంటును గెలిచేది మొత్తం బృందం. జకార్తాలో మనవాళ్ళు సుమారు పది రోజులలో ఐదు మ్యాచ్‌లు ఆడారు. ఎవరికో ఒకరికి దెబ్బ తగలక తప్పదు. థాయిలాండుతో ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్ కీపర్ తంగరాజ్ జ్వరపడ్డాడు. అప్పుడు ప్రద్యుత్ బర్మన్ అనే కుర్రవాడు గోల్ కాచి జట్టును ఫైనల్ దాకా తెచ్చాడు. ఫైనల్ నాటికి తంగరాజ్ కోలుకుని వచ్చాడు. బర్మన్ లేకపోతే తంగరాజ్‌కు ఆడటానికి ఫైనలే ఉండేది కాదు.

ఈ రోజుల్లో ఆట మధ్యలో ఆటగాళ్ళను మార్చే వీలుంది కాబట్టి ఈ సంగతికి ఇంకా బలం వచ్చింది. 2014 ప్రపంచ కప్పు ఫైనల్లో జర్మనీకి కప్పు తెచ్చిన ఒకే ఒక గోల్ 113వ నిమిషంలో వచ్చింది. గోల్ కొట్టిన మారియో గోట్సే, అతనికి బంతి అందించిన ఆంద్రే షుర్లె, ఇద్దరూ మొదట బెంచీ మీద కూర్చున్నవాళ్ళే. పెళ్ళి పనులలో వంటవాడి పేరు అందరికీ తెలుస్తుంది. కూరలు తరిగినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. కానీ వాళ్ళు రాకపోతే పొయ్యి వెలగదు.

నాలుగవ సంగతి, ఉన్నవాళ్ళను ఎక్కడ ఎలా వాడాలో తెలిసిన గురువు ఉండాలి. రహీం గొప్పతనమంతా ఇక్కడే ఉంది. తలకు కట్టుతో ఉన్న జర్నైల్ సింగ్‌ను ఆయన ఏం చేశారో చూడండి. అతను రక్షకుడు. తల దెబ్బతో వెనక ఆడితే ప్రతి బంతికీ తల అడ్డం పెట్టాల్సి వస్తుంది. విశ్రాంతి ఇద్దామంటే అంతటి ఆటగాడు దొరకడు. రహీం అతన్ని తీసుకెళ్ళి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాంపై మనం 3-2తో గెలిచాం. అందులో చునీ గోస్వామి రెండు గోల్స్ చేస్తే, మూడవది జర్నైల్ చేసినదే. ఫైనల్లో దక్షిణ కొరియాపై 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ ఒక గోల్, 20వ నిమిషంలో జర్నైల్ ఇంకొక గోల్ కొట్టారు. కొరియా 85వ నిమిషంలో ఒకటి తిప్పికొట్టింది. 2-1తో బంగారు పతకం మనకు దక్కింది. ఆ రోజు 1962 సెప్టెంబరు 4.

ఇది ఏదో ఆ పూటకు తట్టిన ఆలోచన అనుకోకండి. దాని వెనక పన్నెండేళ్ళ కృషి ఉంది. రహీం 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆనాడు మన దేశంలో ఎక్కువగా కనిపించేది సొంత ఆట. బంతి దొరికినవాడు దాన్ని కాళ్ళ దగ్గరే పెట్టుకుని ఒకరినీ ఇద్దరినీ తప్పించి చప్పట్లు కొట్టించుకునేవాడు. రహీం దీనికి ఒక మందు కనిపెట్టారు. బంతిని కాళ్ళ దగ్గర అట్టే పెట్టుకోకూడదు, వెంటనే పక్కవాడికి ఇవ్వాలి అనే నియమంతో పిల్లలకు పోటీలు పెట్టారు. అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకొక పోటీ. బోధించడం తెలిసినవాడు చేసే పని ఇది. "అలా ఆడకు" అని వందసార్లు చెప్పడానికి బదులు, అలా ఆడితే కుదరని ఆటనే వాళ్ళ ముందు పెట్టారు.

ఇక్కడ మీకు ఇంకొక విశేషం చెప్పాలి. 2022 వరకు పురుషుల ప్రపంచ కప్పు గెలిచిన ప్రతి జట్టుకూ ఆ దేశం మనిషే కోచ్. పరాయి దేశపు కోచ్‌తో ఎవరూ గెలవలేదు. అలాగని పరదేశీ గురువు పనికిరాడని చెప్పలేం. 2004లో గ్రీసుకు యూరో కప్పు తెచ్చిన ఒటో రేహాగెల్ జర్మన్ దేశస్థుడు. అయితే తన పిల్లల స్వభావం, మాట తీరు, ఆకలి, భయం తెలిసిన గురువుకు కొంత దారి కలిసి వస్తుందన్నది మాత్రం నిజం.

ఐదవ సంగతి, వేరు వేరు చోట్ల నుంచి వచ్చినవాళ్ళు ఒక ఇల్లుగా మారాలి. క్లబ్బు జట్టు ఏడాదంతా కలిసి ఉంటుంది. దేశపు జట్టు అలా కాదు, కొద్ది వారాలే కలిసి ఉంటుంది. నిన్నటి దాకా ఎదురెదురుగా నిలబడి కాళ్ళు తన్నుకున్నవాళ్ళే నేడు ఒకే చొక్కా వేసుకోవాలి. 1962 జట్టులో బెంగాలీలు ఉన్నారు, పంజాబీలు ఉన్నారు. హైదరాబాదు నుంచి యూసుఫ్ ఖాన్, సికింద్రాబాదు అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం ఉన్నారు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, మైదానంలో వినబడే భాష ఇంకొకటి. ఇది మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకు విడమరిచి చెప్పక్కరలేదు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మాట్లాడుతూ పెరిగిన పిల్లవాడికి పక్కవాడి మాటకు చెవి ఒగ్గడం చిన్ననాటి నుంచే అలవాటు. జట్టులో ఉండవలసిన మొదటి గుణం అదే.

ఆరవ సంగతి, గుండె నిబ్బరం. జకార్తా ఫైనల్ నాడు స్టేడియంలో సుమారు లక్ష మంది ఉన్నారు. వాళ్ళు మనవాళ్ళకు వ్యతిరేకంగా గోల చేస్తున్నారు. కారణం ఆటగాళ్ళు కాదు, రాజకీయం. ఇండోనేషియా ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వలేదు. ఆసియా క్రీడల స్థాపకులలో ఒకరైన మన దేశపు జి.డి. సోంధీ, అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదని అభ్యంతరం చెప్పారు. దానితో అక్కడి జనం మన దేశం మీద మండిపడ్డారు. మన జాతీయ గీతం వినపడనంతగా అరిచారు. అటువంటి చోట మొదటి ఇరవై నిమిషాల్లోనే రెండు గోల్స్ కొట్టడం మాటలు కాదు. రక్షకుడు త్రిలోక్ సింగ్ కాలి గోరు ఊడిన నొప్పితోనే ఆడాడు. ఫైనల్ ముందు రాత్రి రహీం ఆటగాళ్ళతో మాట్లాడి, తనకు ఆ బంగారు పతకాన్ని కానుకగా ఇమ్మని అడిగారని చునీ గోస్వామి తరువాత రోజుల్లో గుర్తు చేసుకునేవారు.

నిబ్బరం పరీక్షకు వచ్చే ఇంకొక చోటు పెనాల్టీ. 1994, 2006, 2022 ప్రపంచ కప్పులు మూడింటినీ పెనాల్టీ షూటౌటే తేల్చింది. మనకూ దీని రుచి తెలుసు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఒట్టి కాళ్ళతో ఆడి ఫ్రాన్సును గడగడలాడించారు. బెంగుళూరుకు చెందిన సారంగపాణి రామన్ గోల్ కూడా కొట్టారు. కానీ రెండు పెనాల్టీలు చేజారిపోయి 2-1తో ఓడిపోయాం. అందుకే ఇప్పుడు పెద్ద జట్లు పెనాల్టీలను కూడా పాఠంలా సాధన చేస్తాయి. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పుకు వెళ్ళినప్పుడు మానసిక శాస్త్రవేత్తను, పళ్ళ డాక్టరును కూడా వెంట పెట్టుకుంది. పంటి నొప్పితో కూడా మ్యాచ్ పోవచ్చునని తెలిసినవాళ్ళు వాళ్ళు. ఆ ఏడు కప్పు వాళ్ళదే.

అయితే అదృష్టం మాటేమిటని మీరు అడగవచ్చు. ఉంది, కాదనలేం. 1992 యూరో కప్పుకు డెన్మార్కు అసలు అర్హత పొందలేదు. యుగోస్లావియాను తప్పించడం వల్ల పోటీకి పది రోజుల ముందు పిలుపు వచ్చింది. వాళ్ళు వెళ్ళి, ఏకంగా కప్పే గెలుచుకు వచ్చారు. కానీ ఒక మాట గమనించాలి. పిలుపు పది రోజుల ముందు వచ్చినా, ఆట పది రోజుల్లో రాలేదు. సెమీ ఫైనల్ షూటౌట్‌లో నెదర్లాండ్స్ దిగ్గజం వాన్ బాస్టెన్ పెనాల్టీని ఆపిన గోల్ కీపర్ ష్మైకెల్ చిన్ననాటి నుంచి ఆ పని చేస్తున్నవాడే. వాన ఎవరి పొలంలోనైనా కురుస్తుంది. విత్తనం వేసి ఉంచినవాడి పొలంలోనే పైరు లేస్తుంది.

ఇక చివరి సంగతి, అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. కప్పు గెలిచేది ఈ ఏటి జట్టే అయినా, ఆ జట్టును కన్నది పదేళ్ళ కిందటి మైదానాలు. 2000 యూరో కప్పులో జర్మనీ తన గ్రూపులో అట్టడుగున నిలిచింది. వాళ్ళు కోచ్‌ను మార్చి ఊరుకోలేదు. దేశమంతటా పిల్లల కోసం వందల శిక్షణ కేంద్రాలు పెట్టారు. పెద్ద క్లబ్బులన్నీ పిల్లల అకాడమీలు నడపాలని నియమం పెట్టారు. పద్నాలుగేళ్ళు ఆగారు. 2014లో ఫలితం చూశారు. సెమీ ఫైనల్లో బ్రెజిల్‌ను బ్రెజిల్ గడ్డ మీదే 7-1తో ఓడించారు.

మన కథ దీనికి తలకిందులు. 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల బంగారు పతకం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం, 1962లో జకార్తా బంగారం, ఈ మూడూ రహీం ఉన్న రోజులలో వచ్చినవే. ఆయన 1963 జూన్‌లో కేన్సర్‌తో కన్నుమూశారు. 1964 ఆసియా కప్పులో రెండవ స్థానం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం వచ్చాయి. ఆ తరువాత 2023 హాంగ్‌జౌ క్రీడల దాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన పురుషుల జట్టుకు పతకం లేదు. ఒక మనిషి పోయాక ఆయన పద్ధతి కూడా పోయిందంటే, ఆ పద్ధతిని మనం బళ్ళలో నాటుకోలేదని అర్థం.

కాబట్టి పిల్లలు అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు ఇది. పదకొండు మంది దొరకరా అంటే, దొరుకుతారు. కానీ వెతికే చోట వాళ్ళు ఆడుతూ ఉండాలి. పదవ తరగతి పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేస్తాం. బడి మైదానంలో సగం జాగా ఏదో ఒక కట్టడానికి పోతుంది. ఆడపిల్లలయితే ఏడవ తరగతి దాటగానే బంతి ముట్టుకోవద్దంటాం. నిజామాబాదు జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్ దేశపు మహిళల జట్టులో ఆడుతోందని మన ఆడపిల్లలకు ఎంతమంది చెప్పాం?

ఇది ఢిల్లీలో ఎవరో చేయవలసిన పని అని అనుకోకండి. మన ఊళ్ళో మనం చేయగలిగినది ఉంది. రహీం పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. ఒక బంతి, నాలుగు రాళ్ళు, అరెకరం జాగా చాలు. పదకొండేసి మంది అక్కరలేదు. అయిదుగురేసి చొప్పున ఆడించండి. చిన్న జాగాలో ఒక్కొక్క పిల్లవాడికి బంతి ఎక్కువసార్లు అందుతుంది. ఒకరోజు మూడు తాకుళ్ళలోపే బంతి ఇవ్వాలని నియమం పెట్టండి. ఇంకొక రోజు ఎడమ కాలితోనే ఆడమనండి. గోల్ కొట్టినవాణ్ణి మెచ్చుకున్నట్టే, గోల్ కొట్టడానికి బంతి ఇచ్చినవాణ్ణీ పేరు పెట్టి పిలిచి మెచ్చుకోండి. వారానికి రెండు సాయంత్రాలు, నెలల తరబడి ఇలా చేసి చూడండి. ఈ పిల్లలందరూ దేశపు జట్టుకు ఆడతారని కాదు. నూటికి తొంభై తొమ్మిది మంది ఆడరు. కానీ ఆ ఒక్కడు ఎవరో ముందుగా ఎవరికీ తెలియదు కనుక, నూరుగురికీ బంతి అందాలి.

ఆ ఒక్కడు మీ వీధిలోనే ఉండవచ్చు. సాయంత్రం పూట వీధిలో బంతి చప్పుడు వినబడితే, "గోల చేయకండిరా" అని తరిమే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. ఎవడు బంతిని పక్కవాడికి ఇస్తున్నాడో గమనించండి.